మన జెండాలో తెలుపు పైన ఉన్న రోజులు

క్రిందటేడాది ఆగస్టు మొదటి వారంలో, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు బడిలో ఉపన్యాసానికి సిద్ధమవుతూ, ఒక పాత పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. "మామయ్యా, ఇందులో జెండా తప్పు వేశారు చూడు. తెలుపు పైనుంది, ఆకుపచ్చ మధ్యలో ఉంది, కింద ఎరుపు వేశారు. చక్రం కూడా లేదు, రాట్నం పెట్టారు" అంది. ఆ బొమ్మలో తప్పు లేదని, ఒకప్పుడు మన జెండా అలాగే ఉండేదని చెబితే ఆమె నమ్మలేదు. నమ్మించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఆ సాయంత్రం చెప్పినదాన్ని, చెప్పడానికి వీలుపడని మరికొంతను కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మనలో చాలామందికి జెండా రంగుల అర్థం ఒకటో ఎక్కంలాగా నోటికి వచ్చు. కాషాయం త్యాగం, తెలుపు శాంతి, ఆకుపచ్చ పాడిపంటలు. నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే ఈ అర్థాలు జెండాతోపాటు పుట్టినవి కావు. ఇరవై ఆరేళ్ల వ్యవధిలో కనీసం మూడుసార్లు అవి మారాయి. ప్రతిసారీ ఎవరో అభ్యంతరం చెప్పారు, ఎవరో సర్దిచెప్పారు, చివరకు అందరూ కూర్చుని ఒక మాటకు వచ్చారు. ఆ చర్చలు తెలిసిన తరువాత ఈ జెండా మీద నాకున్న గౌరవం మరింత పెరిగింది.

మొదట్లో వచ్చిన జెండాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1906 ఆగస్టు 7న, వంగదేశ విభజనకు వ్యతిరేకంగా ఉద్యమం సాగుతున్న కాలంలో, కలకత్తాలోని పార్సీ బగాన్ కూడలిలో ఒక జెండా ఎగిరింది. పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు. ఆకుపచ్చ పట్టీ మీద ఎనిమిది తామరలు, పసుపు మీద దేవనాగరి లిపిలో వందేమాతరం, ఎరుపు మీద సూర్యుడు, నెలవంక. దానిని పోలిన జెండానే 1907 ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో మేడమ్ భికాజీ కామా ఎగురవేశారు. తరువాత 1917లో అనిబిసెంట్, తిలక్‌ల హోంరూల్ ఉద్యమం అయిదు ఎర్ర పట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, సప్తర్షి మండలం ఆకారంలో ఏడు నక్షత్రాలు ఉన్న జెండాను తెచ్చింది. దాని పై మూలలో బ్రిటిష్ జెండా కూడా ఉండేది, ఎందుకంటే ఆనాడు అడిగింది సామ్రాజ్యంలో ఉంటూనే స్వపరిపాలన. పూర్ణ స్వాతంత్ర్యం వైపు మనసు మళ్లిన జనానికి ఆ మూల రుచించలేదు, ఆ జెండా నిలవలేదు.

ఇక్కడినుంచి కథ మా కృష్ణా జిల్లాకు వస్తుంది. కూచిపూడికి దగ్గరలో ఉన్న భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పుట్టిన పింగళి వెంకయ్యగారి పేరు తెలియని తెలుగువారుండరు. కానీ ఆయన చేసిన పని ఏమిటో కచ్చితంగా తెలిసినవారు అంతమంది ఉన్నారని చెప్పలేను. యౌవనంలో సైన్యంలో చేరి బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికాకు వెళ్లారు, అక్కడే గాంధీగారితో పరిచయమైంది. తిరిగి వచ్చాక కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. జపనీస్ భాష నేర్చుకున్నందుకు జపాన్ వెంకయ్య అన్నారు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. వీటన్నిటి మధ్య ఆయనను పట్టి ఉంచిన ధ్యాస ఒకటే: ఈ దేశానికంటూ ఒక జెండా ఉండాలి. 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం అనే అర్థం వచ్చే శీర్షికతో ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అందులో సుమారు ముప్ఫై నమూనాలున్నాయి. కాంగ్రెసు మహాసభ ఎక్కడ జరిగినా వెళ్లి, కనిపించిన నాయకునికల్లా ఆ ప్రతిపాదన వినిపించేవారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైనప్పుడు జరిగిన సంగతిని మనవాళ్లు సాధారణంగా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: వెంకయ్యగారు జెండా ఇచ్చారు, గాంధీగారు మెచ్చారు, కమిటీ ఆమోదించింది. గాంధీగారు స్వయంగా 1921 ఏప్రిల్ 13న తన యంగ్ ఇండియా పత్రికలో రాసిన వ్యాసం చదివితే ఆ రోజు ఇంకాస్త వేరుగా, నా కంటికి ఇంకాస్త అందంగా కనిపిస్తుంది. బందరు జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య నాలుగేళ్లుగా పట్టువదలకుండా ప్రతి కాంగ్రెసు సభలోనూ ఈ విషయం ఎత్తుతున్నారని, ఆ పట్టుదలను తాను మెచ్చుకునేవాడినని, అయినా ఆ నమూనాలేవీ తనను కదిలించలేదని గాంధీగారు అందులో నిర్మొహమాటంగా రాశారు. ఆయనను కదిలించింది జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ చేసిన సూచన: స్వరాజ్య పతాకం మీద రాట్నం ఉండాలని. ఆ ఆలోచన రాగానే గాంధీగారు బెజవాడలో వెంకయ్యగారిని పిలిచి, హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లిములకు గుర్తుగా ఆకుపచ్చ, వాటి మీద రాట్నం ఉండేలా జెండా తయారుచేయమన్నారు. వెంకయ్యగారు మూడు గంటల్లో చేసి ఇచ్చారు.

అయితే అప్పటికే కాస్త ఆలస్యమైంది. కమిటీ ముందు పెట్టడానికి వీలుపడలేదు. అలా కావడమే మంచిదయిందని గాంధీగారు అదే వ్యాసంలో అన్నారు. ఎందుకంటే, నిదానంగా ఆలోచించినప్పుడు, రెండే రంగులుంటే ఈ దేశంలోని తక్కిన మతాలవారి మాటేమిటన్న ప్రశ్న ఆయనకు తట్టింది. వారందరికీ గుర్తుగా తెలుపు చేరింది. ఆ తెలుపును ఎక్కడ ఉంచాలన్న దానిలోనే ఆయన మనసంతా ఉంది. సంఖ్యలో అందరికంటే తక్కువ ఉన్నవారిది పైన, తరువాత ముస్లిములది, అందరికంటే ఎక్కువమంది ఉన్న హిందువులది అట్టడుగున. బలవంతుడు బలహీనునికి అండగా కింద నిలవాలన్నది దాని భావం. మూడు పట్టీలూ సమానమైన వెడల్పు, మూడింటినీ కలుపుతూ వాటి మీదుగా రాట్నం. మా మేనకోడలు తప్పని చూపించిన బొమ్మ ఇదే.

ఆ వరుస గురించి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ మొదటిసారి తెలిసినప్పుడు అలాగే అయింది. తక్కువమంది ఉన్నవారిని పైన నిలపడమనే ఆలోచనను ఒక గుడ్డముక్క మీద పట్టీల వరుసతో చెప్పిన మరో జెండా నాకు తెలిసినంతలో లేదు. ఆ వరుస ఈనాటి జెండాలో లేకపోవచ్చు, కానీ అది ఒకప్పుడు ఉండేదన్న సంగతి పిల్లలకు పాఠంగా చెప్పవలసినంత గొప్పది.

కాంగ్రెసు తీర్మానం చేయకపోయినా ఆ జెండా జనం చేతుల్లోకి వెళ్లిపోయింది. 1923లో జబల్‌పూర్‌లో మొదలై నాగపూర్‌లో సాగిన జెండా సత్యాగ్రహంలో, ఆ గుడ్డను పట్టుకుని నిషేధించిన వీధుల్లో నడిచినందుకే దేశం నలుమూలలనుంచి వెళ్లిన స్వచ్ఛంద సేవకులు జైళ్లకు వెళ్లారు. జమ్నాలాల్ బజాజ్‌ను అరెస్టు చేశారు, తరువాత నాయకత్వ భారాన్ని వల్లభభాయ్ పటేల్ వహించారు. అధికారికంగా ఎవరూ ఆమోదించని జెండా కోసం మనుషులు జైలుకు వెళ్లారంటే, ఆమోదం ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించాలి.

కానీ రంగులకు మతాల పేర్లు పెట్టడంలో ఉన్న చిక్కు త్వరలోనే బయటపడింది. ఒక రంగు ఒకరిదైతే మాది ఏది అని అడగడం సహజం. సిక్కు నాయకులు అదే అడిగారు. తమ రంగునూ చేర్చాలన్నారు. అలా చేర్చుకుంటూ పోతే ఈ దేశంలో జెండాకు పట్టీలు చాలవు. 1931లో కరాచీ సమావేశాల సందర్భంగా కాంగ్రెసు ఈ విషయాన్ని తేల్చడానికి ఏడుగురితో ఒక సంఘాన్ని వేసింది. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్ అందులో సభ్యులు. ఏడవవారు, సంఘానికి సంధానకర్త, పట్టాభి సీతారామయ్యగారు. వెంకయ్యగారు పాఠాలు చెప్పిన బందరు జాతీయ కళాశాల వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. అంటే జెండా మొదటి రూపం, ఆ రూపానికి జరిగిన తొలి దిద్దుబాటు, రెండూ ఒకే ఊరి కళాశాలకు చెందిన ఇద్దరు మనుషుల చేతుల మీదుగా నడిచాయి. బందరు బస్టాండులో దిగినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

ఆ సంఘం అభిప్రాయాలు సేకరించి చేసిన సిఫారసు చాలామందికి తెలియదు. మూడు రంగులూ వద్దు, జెండా మొత్తం కేసరి రంగులో ఉండాలి, కర్రవైపు పై మూలలో ఇటుకరంగు రాట్నం ఉండాలి అన్నారు. ఒకే రంగయితే ఎవరి వాటా ఎంత అన్న మాటే రాదని వారి తర్కం. తర్కం బాగుంది గాని జనం పదేళ్లుగా మోసిన మూడు రంగులను పక్కన పెట్టడానికి మనసు ఒప్పుకోలేదు. ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ ఆ సిఫారసును కాదని, మూడు రంగులను నిలుపుకుంటూనే వాటి వరుసనూ అర్థాన్నీ మార్చింది. ఎరుపు స్థానంలో కేసరి వచ్చి పైకి చేరింది. తెలుపు మధ్యకు దిగింది. ఆకుపచ్చ కిందికి వెళ్లింది. తెలుపు మీద నీలం రాట్నం నిలిచింది. ఈ రంగులకు మతపరమైన అర్థం ఏదీ లేదని తీర్మానంలోనే రాశారు. కేసరి ధైర్యానికి, త్యాగానికి. తెలుపు శాంతికి, సత్యానికి. ఆకుపచ్చ విశ్వాసానికి, వీరోచితమైన ఉదారతకు. రాట్నం సామాన్య ప్రజల ఆశకు గుర్తులన్నారు. అదే నెల 30వ తేదీని దేశమంతటా జెండా దినంగా జరిపారు.

ఇక్కడ మాటల గురించి ఒక చిన్న సంగతి చెప్పాలి. తీర్మానాలు కేసరి అన్నాయి, మనం తెలుగులో కాషాయం అంటాం. రెండూ ఒకటి కావు. కేసరి కుంకుమపువ్వు రంగు. తిరిగి రాకూడదని నిశ్చయించుకున్న చివరి యుద్ధానికి రాజపుత్ర వీరులు కట్టుకునే వస్త్రాల రంగు కేసరియా. ధైర్యం అన్న అర్థానికి మూలం అక్కడ ఉందని నాకనిపిస్తుంది. కాషాయం సన్యాసి కట్టుకునే బట్ట రంగు, అది కావిమన్నుకు దగ్గరగా ఉంటుంది. మనం కాషాయం అన్న మాట ఎంచుకున్నాం కాబట్టి మన పాఠ్యపుస్తకాల్లో ధైర్యం వెనక్కి వెళ్లి త్యాగం ముందుకు వచ్చింది. ఒక పదం అర్థాన్ని ఎటు మొగ్గించగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1947 జూన్‌లో రాజ్యాంగ సభ జెండా కోసం రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన మరో సంఘాన్ని నియమించింది. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేడ్కర్ వంటివారు అందులో ఉన్నారు. కాంగ్రెసు పార్టీ జెండా యావద్దేశపు జెండా కావాలంటే చిన్న మార్పు అవసరమనుకున్నారు, ఆ మార్పు రాట్నం దగ్గర జరిగింది. జులై 22న తీర్మానాన్ని ప్రవేశపెడుతూ నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి ఆచరణకు సంబంధించినది. రాట్నానికి ఒకవైపు చక్రం, మరోవైపు కదురు ఉంటాయి. గాలికి ఎగిరే జెండాను ఒక పక్కనుంచి చూస్తే చక్రం ఎడమన, మరో పక్కనుంచి చూస్తే కుడిన కనిపిస్తుంది. రెండు పక్కలా ఒకేలా కనిపించాలంటే కదురును వదిలి చక్రాన్ని మాత్రమే ఉంచాలి. ఆ చక్రం ఏ చక్రమన్న ప్రశ్నకు సారనాథ్ స్తంభం జవాబిచ్చింది. నాలుగు సింహాల కింద ఉన్న పీఠం మీద చెక్కిన అశోకుని ధర్మచక్రాన్ని తీసుకున్నారు. అమరావతి శిల్పాల్లో స్తంభం మీద నిలిపిన చక్రానికి చేతులు జోడించిన మనుషులను చూసిన కృష్ణాతీరం వారికి ఆ చక్రం కొత్తది కాదు.

ఆ తీర్మానంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒక చిన్న పదబంధం. తెల్ల పట్టీ మధ్యలో రాట్నానికి ప్రతీకగా ముదురు నీలం చక్రం ఉంటుందని తీర్మానం చెబుతుంది. ఆకారం అశోకునిది, అర్థం మాత్రం ఇంకా రాట్నానిదే. రాట్నాన్ని తొలగించారన్న వార్త గాంధీగారిని బాధపెట్టింది, అలాంటి జెండాకు తాను వందనం చేయనని కూడా ఒక దశలో రాశారు. తీర్మానం మాటలను జాగ్రత్తగా చదివితే రాట్నం వెళ్లిపోలేదని, చక్రం లోపలికి వెళ్లిందని తెలుస్తుంది. ఇరవై నాలుగు ఆకులకు ఇరవై నాలుగు సుగుణాల పేర్లు చెబుతూ ఏటా ఫోన్లలో తిరిగే జాబితాలు ఆ తీర్మానంలో లేవు. సారనాథ్ చక్రానికి ఇరవై నాలుగు ఆకులున్నాయి, అందువల్ల జెండా చక్రానికీ అన్నే ఉన్నాయి.

రంగుల అర్థాలను కూడా తీర్మానం ప్రత్యేకంగా చెప్పలేదు. ఈ జెండా రూపొందినప్పుడు దానికి మతపరమైన అర్థమేదీ లేదని నెహ్రూ సభలో అన్నారు. 1931 జెండాకు ఆ మాట పూర్తిగా నిజం, 1921 జెండాకు కాదు. ఆ తేడాను దాచవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. అర్థాన్ని మార్చుకోవడం తప్పు కాదు, ఆలోచించి మార్చుకోవడం మంచిపని. ఆ రోజు సభలో రంగులకు విస్తారమైన వ్యాఖ్యానం చేసినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. కాషాయం నాయకుల నిస్స్వార్థానికి, వైరాగ్యానికి. తెలుపు మన నడవడికి దారి చూపే వెలుగుకు, సత్యమార్గానికి. ఆకుపచ్చ ఈ మట్టితో, ప్రాణులన్నిటికీ ఆధారమైన పచ్చని మొక్కతో మనకున్న బంధానికి గుర్తులని ఆయన చెప్పారు. చక్రం చలనమని, ఆగిపోవడంలో మరణముందని కూడా అన్నారు. మన బడుల్లో చెప్పే పాడిపంటల అర్థానికి మూలం ఈ ఉపన్యాసమే. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు మాట్లాడిన తరువాత సభ్యులంతా లేచి నిలబడి జెండాను ఆమోదించారు.

ఆ హైదరాబాదులోనే, ఆగస్టు 15న, ఈ జెండా ఎగురవేయడం నిజాం ప్రభుత్వం దృష్టిలో నేరం. స్టేట్ కాంగ్రెసు నాయకుడు స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. తెలంగాణ వారికి ఆ జెండా నిర్భయంగా చేతికందడానికి 1948 సెప్టెంబరు 17 తరువాతి కాలం వరకూ ఆగవలసి వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో పెరిగిన నాలాంటివారు ఈ పదమూడు నెలల తేడాను మరచిపోకూడదు.

ఇక వెంకయ్యగారి పేరు గురించి ఏటా ఆగస్టు 2న జరిగే వాదన. ఈనాటి జెండాను మొత్తం ఆయనే రూపొందించారని మనవాళ్లు అంటారు. ఆయనకు అసలు సంబంధం లేదని మరికొందరు అంటారు. ఆఖరి రూపాన్ని దిద్దడంలో సురయ్యా తయ్యబ్జీ, బద్రుద్దీన్ తయ్యబ్జీ దంపతుల పాత్ర గురించి కూడా చరిత్రకారులు రాశారు. నా మాట ఇది: మూడు గంటల్లో రాట్నంతో ఎరుపు, ఆకుపచ్చ జెండాను గాంధీగారి చేతిలో పెట్టింది వెంకయ్యగారు. తెలుపు గాంధీగారిది, రాట్నపు ఆలోచన హన్స్‌రాజ్‌ది, కేసరి 1931 కమిటీది, చక్రం 1947 సంఘానిది. ఇంతమంది చేతులు పడిన జెండాలో మొదటి చేయి మన మనిషిదని చెప్పుకుంటే చాలు, అది చిన్న గౌరవం కాదు. లేనిది కలిపి చెబితే, అడిగినవాడు ఉన్నదాన్ని కూడా అనుమానిస్తాడు. 1963 జులై 4న విజయవాడలో పేదరికంలో కన్నుమూసిన ఆ మనిషికి, బతికి ఉండగా చేయని మర్యాదను ఇప్పుడైనా నిజంతోనే చేయాలి. 2009లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం దాన్ని చేతులు మార్చుకుంటూ చూశాం.

జెండా తయారీ సంగతి కూడా మేనకోడలు అడిగింది. స్వతంత్ర భారతంలో ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణాల్లో ఒకటో నంబరు జాతీయ జెండాదే. వెడల్పుకు పొడవు రెండుకు మూడు పాళ్లలో ఉండాలి. నియమావళిలో తొమ్మిది పరిమాణాలున్నాయి, అన్నిటికంటే పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 మిల్లీమీటర్ల వెడల్పు. అన్నిటికంటే చిన్నది 150కి 100. కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఉన్న ఖాదీ సంఘంలో ఈ కొలతల ప్రకారం ఖాదీ జెండాలు కుడతారు. 2002 వరకు సామాన్యులు ఏడాదంతా ఇంటి మీద జెండా ఎగురవేయడానికి వీలు లేదు. ఆ ఏడాది జనవరి 26నుంచి కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. గౌరవంగా జెండా ఎగురవేయడం పౌరుని భావప్రకటన హక్కులో భాగమని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో చేసిన సవరణతో పాలియెస్టర్‌కు, మర నేతకు కూడా అనుమతి వచ్చింది. ప్రతి ఇంటికీ తక్కువ ధరకు జెండా చేరాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. అయినా, రాట్నానికి ప్రతీకగా నిలిచిన చక్రాన్ని రాట్నంతో సంబంధమే లేని దారం మీద అచ్చు వేయడం చూస్తే నా మనసు నొచ్చుకుంటుంది. మా ఇంట్లో ఖాదీదే కొంటాం, ఎగురవేసి దించాక మడతపెట్టి బీరువాలో దాచుకుంటాం.

ఉపన్యాసానికి తోడుగా రెండు జెండాలూ ఒక అట్ట మీద వేస్తానని మేనకోడలు కూర్చుంది. ఈనాటి జెండా చక్రానికి కోణమానినితో పదిహేను డిగ్రీలకొక గీత పెట్టుకుంటూ ఇరవై నాలుగు ఆకులూ పూర్తిచేయడానికి గంట పట్టింది. రెండో జెండాకు ఎరుపు, ఆకుపచ్చ దిద్ది, పైపట్టీ దగ్గరకు వచ్చి ఆగింది. తెల్ల అట్ట మీద తెల్లరంగు కనిపించడం లేదు. చివరకు పెన్సిలుతో సన్నని అంచు గీసి, లోపల ఏ రంగూ వేయకుండా వదిలేసి, పక్కన చిన్న అక్షరాలతో "ఇది తెలుపు, దీని చోటు పైన" అని రాసుకుంది.